కొల్లేటి పక్షుల లెక్క కార్తీకంలోనే మొదలుకావాలి

ఆంధ్రప్రదేశ్ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

పోయిన కార్తీకంలో ఒక తెల్లవారుజామున కొల్లేటి ఒడ్డున ఆటపాక దగ్గర పడవలో కూర్చుని సూదితోక బాతులను లెక్కపెడుతున్నాను. పది పక్షులు ఎంత మేర పరుచుకుంటాయో కంటికి అలవాటు చేసుకుని, ఆ కొలతతోనే మందంతా కొలుచుకుంటూ పోవాలి. ముప్పై నాలుగో పది దగ్గర ఉండగా తుంగ మీదుగా ఒక గద్ద తేలుతూ వచ్చింది. మంద మొత్తం ఒక్కసారిగా లేచిపోయింది. "ఆగండి బాబూ, అవి దూరం పోవు, ఆ మూలనే దిగుతాయి" అన్నారు పడవ నడిపే పెద్దాయన. అక్కడే దిగాయి. ఆయనకు తెలిసినది ఏ రిజిస్టరులోనూ లేదు.

1987 నుంచి ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో జరుగుతోంది. అది విలువైన పనే, కొనసాగాలి. కానీ అది సంక్రాంతి రోజులతో కలిసి వస్తుంది, పొద్దెక్కేదాకా మంచు విడవదు. పైగా శరదృతువులో మన దగ్గర కొద్దిరోజులు ఆగి ఇంకా దక్షిణానికి సాగిపోయే, నీటి అంచున తిరిగే ఉల్లంకి పిట్టలు ఆ లెక్కకు అందవు. గూడబాతులు గూళ్లు కట్టడం మొదలుపెట్టేది కూడా ఆ శరత్కాలంలోనే.

కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. ఒక చిత్తడి నేలకు ఆ హోదా ఇవ్వడానికి చూసే కొలమానాల్లో ఒకటి, అక్కడ క్రమం తప్పకుండా కనీసం 20 వేల నీటిపక్షులు ఉండడం. అభయారణ్యం హద్దు ఐదో కాంటూరా (సముద్రమట్టం నుంచి ఎత్తును చూపే గీత), మూడో కాంటూరా అని ఏళ్ల తరబడి వాదించుకుంటున్నాం. ఆ నీళ్లలో ఏ నెలలో ఏ పక్షి ఎంత ఉందో చెప్పే అంకెలు లేకుండా ఆ వాదన ఎలా తేలుతుంది? చేపల చెరువుల రైతుకూ లంక గ్రామాల జాలరికీ కూడా ఆ అంకెలు తెలియాలి. ఎందుకంటే నష్టమైనా లాభమైనా ముందు తగిలేది వాళ్లకే.

అందుకే అడుగుతున్నాను. అక్టోబరు నుంచి మార్చి దాకా నెలకు ఒక ఉదయం లెక్క జరిపించండి. కొల్లేటితో పాటు పులికాట్ సరస్సునూ, నేలపట్టు, ఉప్పలపాడు చెరువులనూ చేర్చండి. పడవవారికి ఆ రోజు కూలి ఇవ్వండి, వాళ్ల పేర్లు లెక్కల పుస్తకంలో రాయండి. వచ్చిన అంకెలను తెలుగులో పంచాయతీ కార్యాలయం గోడకు అంటించండి.

కార్తీకానికి ఇంకా సమయం ఉంది. ఆటపాకలో ఒక్క ఉదయంతో మొదలుపెట్టించండి. ఆ పెద్దాయనకు ముందుగా చెప్పి పడవ సిద్ధం చేయించే బాధ్యత నాది.

భవదీయుడు,
కొల్లేటి పక్షుల లెక్కరి ఒకడు