‘లార్డ్’ అంటే ప్రభువేనా?

సంపాదకులకు,

మీ పదాల శీర్షికలో ‘లార్డ్’ అనే మాటకు ‘ప్రభువు’ అని ఒక్క అర్థం ఇచ్చి ఊరుకున్నారు. ముప్పై ఏళ్లు ఇంగ్లిషు పాఠాలు చెప్పినవాణ్ణి, చూస్తూ ఉండలేక రాస్తున్నాను.

పాత ఇంగ్లిషులో ఆ మాట ‘హ్లాఫోర్డ్’. దాని వెనక ‘హ్లాఫ్‌వెఅర్డ్’ ఉంది. హ్లాఫ్ అంటే రొట్టె, నేటి ‘లోఫ్’ అదే. వెఅర్డ్ అంటే కాపలాదారు. వెరసి, రొట్టెకు కావలివాడు! ‘లేడీ’ అసలు రూపం ‘హ్లాఫ్‌డిగె’, రొట్టె పిండి పిసికే ఆమె. దొరసానిగారి చేతికి పిండి అంటిందని ఇప్పుడెవరు నమ్ముతారు?

యజమాని ఇంట తిని బతికేవాడికీ ఒక పేరుండేది: ‘హ్లాఫేటా’, రొట్టె తినేవాడు. సుమారు క్రీ.శ. 600 నాటి, ఇంగ్లండులోని కెంట్ రాజు ఎథెల్బర్ట్ చట్టంలో, సామాన్య రైతు ఇంటి హ్లాఫేటాను చంపితే 6 షిల్లింగులు చెల్లించాలని ఉంది. కావలివాడి పేరు, పిసికే ఆమె పేరు మిగిలాయి. తినేవాడి మాట మాత్రం భాషలోంచి జారిపోయింది. నాకు గుచ్చుకునేది అదే.

తర్వాత ‘హ’కారం రాలింది, నడుమ ‘ఫ’కారం అరిగింది, ‘లార్డ్’ మిగిలింది. అది దేవుడికీ, బ్రిటన్ ఎగువసభ సభ్యుడికీ చెల్లింది. ‘ల్యాండ్‌లార్డ్’గా ఇంటి యజమానికీ అతుక్కుంది. (ఆయన రొట్టె పెట్టడు, అద్దె అడుగుతాడు.) స్కాట్లండ్‌లో భూస్వామిని పిలిచే ‘లెయిర్డ్’ కూడా ఈ మాటే.

మలి ముద్రణలో రెండు వాక్యాలైనా చేర్చండి.

– ఒక విశ్రాంత ఇంగ్లిషు ఉపాధ్యాయుడు