ఐ-20 మీద తేదీ వచ్చేదాకా పని మొదలుపెట్టొద్దు

అనంతపురం,
ఏప్రిల్ 12

చిరంజీవి భార్గవికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. నీకు అమెరికాలో ఇంటర్న్‌షిప్ వచ్చిందని తెలిసినప్పటి నుంచి మీ నాన్న నార్పల తోటలో పనిచేసేవాళ్ళకు కూడా చెప్పుకుని మురిసిపోతున్నారు. నాకూ చాలా సంతోషంగా ఉంది తల్లీ. జేఎన్‌టీయూలో చదివేటప్పటి నుంచి నువ్వు ఎంత కష్టపడ్డావో కళ్ళారా చూసినదాన్ని.

నిన్న ఫోన్లో నువ్వన్న ఒక మాట మాత్రం రాత్రంతా నన్ను పట్టుకుంది. ఇంటర్న్‌షిప్‌కు కావాల్సిన పని అనుమతి, అదే సీపీటీ, మే 19 నుంచి అడిగావు. మేనేజరేమో మే 5 నుంచే ఆన్‌లైన్‌లో వచ్చి టీమ్‌తో కూర్చోమన్నాడు. "రెండు వారాలే కదమ్మా, జీతం కూడా లేదు, రూమ్‌లో కూర్చుని చేసేదే" అన్నావు. వద్దు. ఫోన్లో వాదించుకుంటే అసలు విషయం పక్కకు పోతుందని రాస్తున్నాను. నిదానంగా చదువు.

నీ స్టేటస్ ఎఫ్-1, అంటే చదువు కోసం వచ్చిన విద్యార్థివని. క్యాంపస్ బయట ఏ పని చేయాలన్నా ముందు అనుమతి కావాలి. చదువు మధ్యలో చేసే ఇంటర్న్‌షిప్‌కు ఆ అనుమతే సీపీటీ. దాన్ని ఇచ్చేది మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఉండే డీఎస్ఓ అనే అధికారి. ఆయన సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ రికార్డులో, నమోదు చేసి కొత్త ఐ-20 ఇస్తారు. ఐ-20 అంటే కాలేజీ నీకిచ్చే విద్యార్థి పత్రమే. దాని రెండో పేజీలో కంపెనీ పేరు, పని చేసే చోటు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ఫుల్ టైమా పార్ట్ టైమా అన్నీ ఉంటాయి. ఆ ఒక్క పేజీయే నీ అనుమతి. ఆఫర్ లెటర్ అనుమతి కాదు. ఇంటర్న్‌షిప్ కోర్సుకు రిజిస్టర్ చేసుకున్నంత మాత్రాన కూడా అనుమతి వచ్చినట్టు కాదు. డీఎస్ఓ నోటిమాటగా సరే అన్నా, కొత్త ఐ-20 నీ చేతికి వచ్చి అందులో వేసిన రోజు వచ్చేదాకా ఆ కంపెనీకి ఒక్క గంట కూడా పనిచేయకూడదు.

నేను ఇన్నేళ్ళుగా తహసీల్దారు ఆఫీసులో చూస్తున్నది ఇదే. రిజిస్ట్రేషన్ కాకముందే అగ్రిమెంటు చూసుకుని పొలంలో దిగినవాళ్ళు ఎంత నమ్మకంగా దిగుతారో, తర్వాత కోర్టుల చుట్టూ ఎట్లా తిరుగుతారో నాకు తెలుసు. అక్కడ పొలం పోతే ఎట్లాగో బతుకుతారు. నీ విషయంలో పోయేది నీ చదువే.

ఇది భయపెట్టడానికి రాయడం లేదు. ఎఫ్-1లో వేరే పొరపాటు ఏదైనా జరిగి స్టేటస్ పోతే, రీఇన్‌స్టేట్‌మెంట్ కోసం దరఖాస్తు చేసుకునే దారి ఒకటుంది. కానీ అనుమతి లేకుండా పనిచేసినవాళ్ళకు ఆ దారి లేదని నిబంధనలోనే రాసి ఉంది. చదువు పూర్తయినవాళ్ళకు సర్దుకోవడానికి 60 రోజులు ఇస్తారు. ఇట్లా సెవిస్ రికార్డు రద్దయినవాళ్ళకు ఆ గడువు కూడా ఉండదు. జీతం లేదు కదా అన్న వాదన కూడా నిలవదు. కంపెనీకి పనికొచ్చే పని చేశావా లేదా అన్నదే చూస్తారు. రూమ్‌లో లాప్‌టాప్ ముందు కూర్చుని చేసినా అది పనే. లాగిన్ అయిన తేదీలు, పంపిన మెయిళ్ళు అన్నీ అక్కడే పడి ఉంటాయి.

మేనేజరు చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. అమెరికా పౌరుడైన ఇంటర్న్‌కు ఈ బాధ లేదు, ఆయనకు ఇది తట్టి ఉండదు. హెచ్ఆర్‌కు మాత్రం తెలిసే ఉంటుంది. పనిలో చేర్చుకునేటప్పుడు అర్హత చూసే ఐ-9 ఫారం నింపేటప్పుడు నీ పాస్‌పోర్టు, దేశంలోకి వచ్చినప్పటి రికార్డు ఐ-94, సీపీటీ ఉన్న ఐ-20 చూడాల్సింది వాళ్ళే. కాబట్టి మొహమాటపడకుండా ఒక మెయిల్ రాయి: "నా వర్క్ ఆథరైజేషన్ మే 19న మొదలవుతుంది. అంతకుముందు శిక్షణకు గానీ మీటింగులకు గానీ రావడానికి నాకు చట్టప్రకారం వీలు లేదు." హెచ్ఆర్‌ను కూడా కాపీలో పెట్టు. ఈ మాట చెప్పినందుకు ఎవరూ నిన్ను తక్కువగా చూడరు.

నిజంగా వాళ్ళకు నువ్వు ముందే కావాలంటే దానికీ సరైన దారి ఉంది. ఆఫర్ లెటర్‌లో తేదీ మార్చి ఇమ్మను. దాన్ని తీసుకుని డీఎస్ఓ దగ్గరికి పో. సీపీటీకి ముందు ఒక విద్యా సంవత్సరం నిండాలి కాబట్టి, నీ రెండో సెమిస్టర్ ముగిసే తేదీ చూసుకుని ఎప్పటి నుంచి ఇవ్వొచ్చో ఆయనే చెప్తారు. ఆయన ఇచ్చిన తేదీ మే 12 అయితే 12నే పో, 19 అయితే 19నే పో.

ఇంకో సంగతి. మధ్యలో వేరే ఊరి ఆఫీసుకు పొమ్మన్నా, ఆగస్టులో ఇంకో నెల ఉండమన్నా, సరే అనే ముందు డీఎస్ఓతో మాట్లాడి ఐ-20 మార్పించుకో. ఇల్లు మారితే 10 రోజుల్లోపు కొత్త అడ్రస్ కాలేజీకి చెప్పాలి. హడావుడిలో పిల్లలు మర్చిపోయేది ఇదే.

సెమిస్టర్ మొదలయ్యాక కూడా అదే కంపెనీలో కొనసాగొచ్చా అని అడిగావు. నీ కోర్సు ఒప్పుకుని, డీఎస్ఓ పార్ట్ టైమ్ సీపీటీ ఇస్తే వారానికి 20 గంటల వరకు చేయొచ్చు. ఫుల్ టైమ్ సీపీటీ మాత్రం మొత్తం 12 నెలలు నిండితే, ఆ డిగ్రీ మీద ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతి, రాదు. ఈ వేసవి మూడు నెలలతో నీకు ఇబ్బంది లేదు. అయినా ఎన్ని నెలలు వాడావో లెక్క రాసి పెట్టుకో.

ఎందుకంటే మనం ఆశ పెట్టుకున్నదంతా ఆ ఓపీటీ మీదే. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది, నీది కంప్యూటర్ సైన్స్ కాబట్టి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం చదువులు) కింద ఇంకో 24 నెలలు, మొత్తం మూడేళ్ళు చట్టబద్ధంగా పనిచేయొచ్చు. దానికి దరఖాస్తు ఇమిగ్రేషన్ వాళ్ళకు పోతుంది. కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు వేయొచ్చు. డీఎస్ఓ సెవిస్‌లో సిఫారసు పెట్టిన 30 రోజుల్లోపు అది అక్కడికి చేరాలి. కార్డు చేతికి వచ్చి, దాని మీద తేదీ మొదలయ్యాకే పని. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. స్టెమ్ వచ్చాక మొత్తం కలిపి 150 రోజులు. స్టెమ్‌కు కంపెనీ ఈ-వెరిఫైలో, అంటే ఉద్యోగుల పని అర్హతను ఆన్‌లైన్‌లో సరిచూసే ప్రభుత్వ పద్ధతిలో, ఉండాలి, ఇప్పుడు చేరే కంపెనీ అందులో ఉందో లేదో మాటల్లో కనుక్కో. ఆ మూడేళ్ళను రెండు వారాల కోసం పణంగా పెడతావా?

నీ ఫ్రెండ్ చెప్పిన కన్సల్టెన్సీ గురించి కూడా రాయాలి. కాలేజీ మారితే మొదటి రోజు నుంచే సీపీటీ ఇప్పిస్తాం, క్లాసులకు పోనక్కర్లేదు అంటున్నారట. కొన్ని పీజీ కోర్సులకు మొదటి సెమిస్టర్‌లోనే ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అని నిబంధనల్లో మినహాయింపు ఉంది, అది నిజమే. దాన్ని అడ్డం పెట్టుకుని సీట్లు అమ్మేవాళ్ళను నమ్మొద్దు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు అందులో ఉన్న పిల్లల్లో ఎక్కువమంది మన తెలుగువాళ్ళే. కొందరి కాళ్ళకు రేడియో ట్యాగులు కట్టారు. టీవీలో ఆ పిల్లల్ని చూసి ఇక్కడ ఎన్ని ఇళ్ళలో అన్నం మానేశారో. మళ్ళీ 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. దాన్ని వల పన్ని నడిపింది ఇమిగ్రేషన్ అధికారులే, అక్కడ పాఠాలూ లేవు, చెప్పేవాళ్ళూ లేరు. పిల్లల్ని చేర్పించి డబ్బులు తీసుకున్న ఎనిమిది మందిని అరెస్టు చేశారు. వాళ్ళ మాట నమ్మి చేరిన పిల్లల చదువులు మట్టిలో కలిసిపోయాయి. క్లాసులు అక్కర్లేదు అని ఎవరైనా అన్నారంటే ఆ మాట దగ్గరే లేచి వచ్చెయ్.

ఇక నీ మనసులో ఉన్నది నాకు తెలుసు. నువ్వు నోరు తెరిచి చెప్పకపోయినా, లోన్ గురించే నీ టెన్షన్. రూమ్మేట్ గ్యాస్ స్టేషన్లో రాత్రిపూట చేతికి డబ్బులు తీసుకుని పనిచేస్తోందని చెప్పినప్పుడు నీ గొంతులో ఆశ వినిపించింది నాకు. తల్లీ, ఆ లోన్ నేనూ మీ నాన్నా సంతకం పెట్టి తీసుకున్నది. చదువు నడిచినన్నాళ్ళూ వడ్డీ కట్టుకుంటే చాలు, అది నా జీతంలోంచి పోతోంది. ఈసారి చీనీకాయలకు మార్కెట్ యార్డులో పోయినేడు కంటే మంచి ధరే పలికింది. ఇల్లు తాకట్టులో ఉందని నువ్వు నిద్ర పోగొట్టుకోవద్దు. మాకు సాయం చేయాలని అనుమతి లేని పని చేసి నువ్వు వెనక్కి రావాల్సి వస్తే, అప్పుడు మాత్రం ఆ అప్పు నిజంగా మోయలేనిదవుతుంది. క్యాంపస్‌లో ఏదైనా పని దొరికితే చెయ్, సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించకుండా. బయట వద్దు.

జీతం మొదలయ్యాక మొదటి పే స్లిప్ నాకు పంపు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అనే పన్నులు కలిపి 7.65 శాతం కోశారేమో చూద్దాం. ఎఫ్-1లో వచ్చినవాళ్ళకు మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు అవి కోయకూడదు. పేరోల్ వాళ్ళకు తెలియక కోస్తుంటారు, అడిగితే సరిచేస్తారు. ఇన్‌కమ్ టాక్స్ మాత్రం కోస్తారు, అది మామూలే.

వేసవిలో ఇక్కడికి వచ్చే ఆలోచన ఈసారికి మానుకో. మీ అవ్వ అడుగుతూనే ఉంది, నేను సర్దిచెప్పుకుంటాను. ఉగ్గాని చేసిన రోజు నీ పేరు చెప్పకుండా తినదు ఆమె. వచ్చే ఏడు చూద్దాం.

మేనేజరుకు ఈ రోజే మెయిల్ పెట్టు, ఏమన్నాడో నాకు మెసేజ్ చెయ్. కొత్త ఐ-20 రాగానే రెండో పేజీ ఫొటో పంపు. కంపెనీ పేరు ఆఫర్ లెటర్‌లో ఉన్నట్టే ఉందా, తేదీలు సరిపోయాయా అని నేను కూడా ఒకసారి సరిచూస్తాను.

ఇట్లు,
మీ అమ్మ