బుధవారం పూట ఊటీ

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను. నీ ఫోను వచ్చి పంతొమ్మిది రోజులైంది కాబట్టి తలుచుకోవడమే. నేను చేస్తే "తర్వాత చేస్తా" అని మెసేజీ. అందుకే కాగితం తీశాను. దీన్ని మధ్యలో కట్ చేయలేవు కదా.

కాలవలు కట్టేశారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. కొబ్బరికి తెల్లదోమ మళ్ళీ పట్టింది, మీ నాన్నగారు పొద్దున్నే తోటలోకెళ్ళి ఆకులకేసి చూసి వస్తున్నారు. చూస్తే పోతుందా!

మొన్న ఆవకాయకి కాయలు కొట్టించుకోడానికి చిట్టి పిన్ని వచ్చింది. వాళ్ళ తోడికోడలి అల్లుడు నిన్ను ఊటీలో చూశాడట. చెరువు దగ్గర బెంచీ మీద ఒక్కడివే కూర్చున్నావట. వెళ్ళడం తప్పని కాదు, ఈ ఎండల్లో ఎవరికి వెళ్ళాలని ఉండదు? ఎప్పుడే అంటే బుధవారం అంది.

నువ్వు మూడేళ్ళవాడివి, మనమూ వెళ్ళాం, 1996 మే నెలలో. నీకేం గుర్తుంటుంది! మేట్టుపాళయంలో పొద్దున్న ఏడింటికి ఆ చిన్న రైలెక్కితే 46 కిలోమీటర్లకి దగ్గర దగ్గర అయిదు గంటలు పట్టింది. కల్లారు దాటాక పట్టాల మధ్య పళ్ళున్న కమ్మీ ఉంటుంది, ఇంజను పళ్ళచక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. ఇంజను వెనక నుంచి తోస్తుంటే మామ్మ గోల. "ఇంజను వెనకుంటే దారి ఎవరు చూస్తారే?" పెట్టె ముందు జెండా పట్టుకుని నిలబడ్డ మనిషిని చూపించినా నమ్మలేదు, కూనూరు దాకా కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం చదువుతూనే ఉంది.

అసలు కథ లాడ్జిలో. హోటలు తిండి పడదని మీ నాన్నగారు కిరసనాయిలు స్టవ్వు, మన చేలో స్వర్ణ బియ్యం, కందిపప్పు మూటగట్టి తెచ్చారు. ఎసరు చిటికెలో తెర్లింది. ఆహా అనుకున్నాం. గంటైనా పప్పు పలుకులు పలుకులుగానే ఉంది. అన్నం పైన మెత్తన, లోపల ముల్లు. ఈయన పప్పు అమ్మిన కోమటిని తిట్టారు, తర్వాత స్టవ్వుని, ఆఖరికి నన్ను. నువ్వేమో ఆకలని ఏడుపు. లాడ్జి కాపలా ముసలాయన వచ్చి చూసి నవ్వి, మూత మీద బండరాయి పెట్టి వెళ్ళాడు. అంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువట, నీళ్ళు 93 డిగ్రీలకే తెర్లిపోతాయట, ఇక పప్పు ఏం ఉడుకుతుంది? ఊటీ ఏడు వేల అడుగుల పైన ఉంది మరి. మన లంకల్లో ఎత్తంటే ఏటిగట్టే. ఆ రాత్రి పదకొండింటికి తిన్నాం. అంత రుచైన పప్పు మళ్ళీ తినలేదని ఈయన ఇప్పటికీ అంటారు.

నువ్వు బండి మీద వెళ్ళావా? మసినగుడి నుంచి కల్హట్టి దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులట, ఆ దారిన పోవద్దు. బందిపూర్ అడవి గేటు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, ఏనుగులు రోడ్డు మీదకి వస్తాయి. చెవులకి మఫ్లర్ కట్టుకున్నావా? చలికి కొబ్బరినూనె గడ్డ కట్టేస్తుంది, సీసా ఎండలో పెట్టి రాసుకో, రాసుకోకుండా తిరగకు. ఇప్పుడు బళ్ళకి ఈ-పాస్ కావాలట, 2025 ఎండాకాలంలో మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 బళ్ళనే రానిచ్చేలా కోర్టు చెప్పిందని పెదబాబు అన్నాడు. శని ఆదివారాలు రద్దీ అని బుధవారం వెళ్ళుంటావని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సెలవు పెట్టుంటావులే.

నీతులు చెప్పనని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను గానీ, చేతిలో నాలుగు డబ్బులు ఉంచుకోవాలి నాయనా. ఈఎంఐల మీద ఫోన్లు కొనకూడదు. ఎవరినైనా అప్పు అడిగే ముందు ఇంట్లో అడగాలి. వేళకి తినాలి. ఇవన్నీ మామూలుగానే చెప్తున్నాను, వేరే అర్థాలు వెతక్కు.

నువ్వు అయిదో క్లాసులో ఉండగా మీ నాన్నగారికి మిల్లులో పని పోయింది. నాకు చెప్పలేదు. మూడు నెలలు రోజూ క్యారేజీ పట్టుకుని తొమ్మిదింటికి బయల్దేరి, ఏటిగట్టు మీద రావిచెట్టు కింద కూర్చుని, సాయంత్రం ఇంటికి వచ్చేవారు. నాకు రెండో వారంలోనే తెలిసింది, క్యారేజీలో అన్నం కలిపిన గుర్తు కూడా ఉండేది కాదు. నేను అడగలేదు. అడగాల్సిందేమో. ఇదెందుకు రాశానో, కొట్టేద్దామంటే కాగితం పాడవుతుంది.

మామ్మ నిన్ను నీలగిరి తైలం అడుగుతోంది, మోకాళ్ళకి. ఊటీ సంగతి నేను చెప్పలేదు, చిట్టి పిన్నే చెప్పేసింది.

ఆవకాయ కలిపేశాను. నీకు వెల్లుల్లిది రెండు కిలోలు, పెసరావకాయ అరకిలో. జాడీ తిరగేసిన రోజే డబ్బాల్లోకెత్తి కొరియర్ చేయిస్తాను. పగలు రూములో ఎవరూ ఉండరని ఎప్పుడూ ఆఫీసుకే పంపమనేవాడివి. ఈసారి ఎక్కడికి పంపమంటావో రాయి. రూముకంటే రూముకే పంపుతాను.

ఇట్లు,
అమ్మ