దుంగలు దొరుకుతున్నాయి, కొన్నవాళ్లు దొరకరా?

సంపాదకుడు గారికి నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో ఎర్రచందనం దుంగలు పట్టుబడ్డాయని వచ్చిన వార్త చదివిన రోజే రాద్దామనుకున్నాను. ఇంట్లో పెళ్లి పనుల వల్ల ఆలస్యమైంది. అయినా ఆలస్యమైందని చెప్పడానికి కూడా ఏమీ లేదు, ఈ వారం కూడా అలాంటిదే మరో వార్త వేశారు. ముందు వరుసలో దుంగలు, వాటి వెనక ముఖాలకు గుడ్డలు కప్పి గొంతుక్కూర్చోబెట్టిన కూలీలు, ఆ వెనక నిలబడ్డ అధికారులు. ఏళ్ల తరబడి ఇదే ఫొటో చూస్తున్నాం. వార్త చివర 'ప్రధాన స్మగ్లర్ల కోసం గాలిస్తున్నారు' అని ఒక వాక్యం ఉంటుంది. ఆ గాలింపు ఎక్కడిదాకా వచ్చిందో తర్వాత ఏ పేజీలోనూ కనపడదు.

శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు ఇది. దీన్ని ఇక్కడ కొనేవాళ్లు ఎందరు? మన ఊళ్లలో ఎవరి ఇంట్లోనూ ఎర్రచందనం మంచం నేను చూడలేదు. గిరాకీ అంతా చైనాలో ఖరీదైన ఫర్నిచర్ చేసేవాళ్లది, కొంత జపాన్‌లో వాయిద్యాలు చేసేవాళ్లది. ఈ కలపతో చేసిన సామాను చూపించడానికి బీజింగ్‌లో 1999లో ఏకంగా ఒక మ్యూజియం పెట్టారు. అంటే నేరంలో సగం మన కొండల్లో జరుగుతోంది, మిగతా సగం దేశం బయట. తుపాకులు, టాస్క్‌ఫోర్స్‌లు, చెక్‌పోస్టులు, కఠిన శిక్షలు అన్నీ మొదటి సగానికే. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ అధికారులను చంపేశారు. 2015 ఏప్రిల్ 7న 20 మంది తమిళనాడు కూలీలు పోలీసు కాల్పుల్లో పోయారు. ఇటువాళ్లూ మనుషులే, అటువాళ్లూ మనుషులే. ఇన్ని ప్రాణాలు పోయిన ఈ వ్యాపారంలో సరుకు కొన్న విదేశీ వ్యాపారి ఒక్కడికి శిక్ష పడిందని మాత్రం నేను ఇంతవరకు ఏ పత్రికలోనూ చదవలేదు.

దేశాల మధ్య సహకారం లేదా అంటే, కాగితం మీద దానికేం కొరత లేదు. అంతరించిపోతున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో మన దేశం 1976 నుంచి ఉంది. ఎర్రచందనం 1995లో దాని రెండో అనుబంధంలో, అంటే అనుమతి పత్రం ఉంటేనే దేశం దాటాల్సిన వాటి జాబితాలో, చేరింది. చైనా, సింగపూర్, యూఏఈ అన్నీ ఆ ఒప్పందంలో ఉన్నవే. వన్యప్రాణి నేరాల మీద కలిసి పనిచేస్తామని దక్షిణాసియాలోని ఎనిమిది దేశాలు 2011లో భూటాన్‌లోని పారోలో 'సావెన్' అనే నెట్‌వర్క్ పెట్టుకున్నాయి. దాని కార్యాలయం కాఠ్మాండూలో ఉంది. మన దుంగలు ఏళ్ల తరబడి నేపాల్ మీదుగా టిబెట్ వైపు వెళ్తున్నాయని అందరికీ తెలిసిందే. ఆ నెట్‌వర్క్ నిబంధనావళిని మన కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది 2016లో! ఐదేళ్లు పట్టింది. ఢిల్లీలో వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో ఉంది, చెన్నైలో దాని ప్రాంతీయ కార్యాలయం ఉంది. ఇంటర్‌పోల్, ప్రపంచ కస్టమ్స్ సంస్థ కలిసి వన్యప్రాణుల, కలప దొంగ రవాణా మీద ఏటా 'థండర్' పేరుతో దాడులు చేయిస్తాయి. 2024 చివర్లో జరిగినదాంట్లో 138 దేశాలు, ప్రాంతాలు పాల్గొన్నాయి, 365 మందిని అరెస్టు చేశారు, దాదాపు 20 వేల ప్రాణులను కాపాడారు. చాలా మంచి పని, కాదనను. మరి మన ఎర్రచందనం విషయంలో ఆ యంత్రాంగాన్ని ఎన్నిసార్లు వాడుకున్నారు? ఎవరు అడిగారు, ఎవరు జవాబిచ్చారు? ఆ ముక్క మన అధికారుల నోట ఎప్పుడూ రాదు.

వాడుకుంటే పని జరుగుతుందనడానికి సాక్ష్యం మన దగ్గరే ఉంది. దేశం దాటి పారిపోయిన ఒక పెద్ద స్మగ్లింగ్ నిందితుడు ఇంటర్‌పోల్ రెడ్ కార్నర్ నోటీసు వల్ల మారిషస్‌లో దొరికాడు. 2015 నవంబరులో ఇక్కడికి తీసుకొచ్చారు. అతని మీద వేరే కేసులు కూడా ఉన్నాయి కాబట్టే అంత పట్టుదల చూపారని అనేవాళ్లున్నారు. కారణం ఏదైతేనేం, దారి ఉందని తేలింది కదా. అదే దారిలో ఇంకొకరి కోసం, ముఖ్యంగా కొన్నవాడి కోసం, ఎందుకు వెళ్లరు?

నేను చెన్నైలో ఓడరేవు సరుకుల కాగితాల పని చూసే ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి ఒక సంగతి చెప్పగలను. కంటైనర్ ఓడ ఎక్కాలంటే కస్టమ్స్‌కు ఇచ్చే షిప్పింగ్ బిల్లు ఉండాలి, ఓడ కంపెనీ ఇచ్చే రసీదు బిల్ ఆఫ్ లేడింగ్ ఉండాలి, ఎగుమతిదారుడి కోడ్ ఉండాలి, అవతలి పోర్టులో సరుకు తీసుకునేవాడి పేరు ఉండాలి. లోపల దుంగలు పెట్టి పైన టైల్స్ అనో, గ్రానైట్ అనో రాస్తారు. అవతలి పేరు కూడా దొంగ పేరే కావచ్చు. కానీ దాన్ని విడిపించుకోవడానికి ఎవడో ఒకడు రావాలి, సుంకం ఎవడో ఒకడు కట్టాలి, డబ్బు ఏదో ఒక ఖాతా నుంచి రావాలి. సరుకును ఇక్కడే ఆపేయకుండా అవతలి దేశంతో మాట్లాడి, నిఘాలో వెళ్లనిచ్చి, తీసుకోవడానికి వచ్చినవాడిని అక్కడే పట్టుకునే పద్ధతి మాదకద్రవ్యాల కేసుల్లో ఎప్పటినుంచో ఉంది. 2018లో మన కస్టమ్స్ చట్టంలో 109ఏ సెక్షన్ పెట్టింది ఇలాంటి పని కోసమే. యూఏఈ, సింగపూర్, హాంకాంగ్‌లతో నేరాల దర్యాప్తులో సాయం చేసుకునే ఒప్పందాలు కూడా ఉన్నాయి. చట్టం ఉంది, ఒప్పందం ఉంది, అడిగే నాథుడే లేడు. దుంగలు గోడౌన్‌కు చేరగానే పని అయిపోయిందనుకుంటున్నారు.

ఇంకో పెద్ద లోపం గురించి కూడా ఎవరూ మాట్లాడరు. సైటిస్ జాబితాలో ఎర్రచందనం పేరు పక్కన ఒక షరతు ఉంది. దాని ప్రకారం ఒప్పందం వర్తించేది దుంగలకు, చెక్కపేళ్లకు, పొడికి, దాన్నుంచి తీసిన సారానికి మాత్రమే. మన దొంగ దుంగ అక్కడి కార్ఖానాలో కుర్చీగా మారిందంటే ఇక ఏ దేశం కస్టమ్స్ వాళ్లూ దాన్ని సైటిస్ పేరు చెప్పి ఆపలేరు. కొనేవాడు హాయిగా షోరూంలో పెట్టి అమ్ముకోవచ్చు. ఆ షరతు మార్చాలని సభ్య దేశాల సమావేశంలో ప్రతిపాదించే హక్కు మన దేశానికి ఉంది. ఈ చెట్టు మనది, అడగాల్సింది మనమే. మన ఎంపీల్లో ఎవరైనా పార్లమెంటులో ఈ మాట ఎత్తితే సంతోషిస్తాను.

బయటి దొంగ మీద ఇంత మెతకదనం చూపే యంత్రాంగం సొంత రైతు దగ్గర మాత్రం మహా కఠినంగా ఉంటుంది. మా బంధువు ఒకాయన తన పట్టా భూమిలో ఎర్రచందనం వేశాడు. ఇప్పుడు ఆ చెట్లు కొట్టుకుందామంటే ఆ సర్టిఫికెట్ తెమ్మని ఒక ఆఫీసు, సర్వే చేయించుకు రమ్మని ఇంకో ఆఫీసు, సారు క్యాంపుకు వెళ్లారని మరో ఆఫీసు. చెప్పులరిగేలా తిరిగాడు, ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. ఎర్రచందనం వ్యాపారం ఆ చెట్టుకు చేటు చేస్తోందా అని చూసే సైటిస్ ప్రత్యేక సమీక్షలో మన దేశం 2004 నుంచి ఉండి, 2023 నవంబరులో దాన్నుంచి బయటపడింది. ఇక రైతులకు మంచి రోజులని అప్పుడు ప్రకటనలు చేశారు. ఆ మంచి రోజులు మా మండలం దాకా రాలేదు. న్యాయంగా పెంచినవాడు అమ్ముకోలేకపోతే లాభపడేది స్మగ్లరే కదా. ఈ పాటి విషయం పెద్ద చదువులు చదివి పోస్టింగుల్లోకి వచ్చినవాళ్లకు ఎవరు చెప్పాలి? ఒక అధికారికి విషయం అర్థమయ్యేసరికి బదిలీ, కొత్తవారు మళ్లీ మొదటి నుంచి.

సంపాదకుడు గారూ, మీ పత్రికకు కూడా నా విన్నపం ఒకటుంది. ఈసారి దుంగలు పట్టుబడ్డాయని ప్రెస్‌మీట్ పెట్టినప్పుడు, ఈ సరుకు ఏ పోర్టుకు, ఏ దేశానికి వెళ్లాల్సి ఉంది, ఆ వివరాలు వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరోకు, అక్కడి నుంచి ఇంటర్‌పోల్‌కు పంపారా లేదా అని మీ విలేకరి అడగాలి. నిరుడు పట్టుకున్న కేసుల్లో విదేశాల నుంచి ఏం జవాబు వచ్చిందో కూడా అడగాలి. చెప్తే అచ్చు వేయండి. చెప్పకపోతే, అడిగాం, చెప్పలేదని ఆ ఫొటో కిందే వేయండి.

ఇట్లు
ఒక పాఠకుడు, రాజంపేట