కత్తి చేసిందెవరు

బిడ్డా,

మొన్న ఆదివారం ఫోన్‌లో నువ్వు 'ధరమ్ వీర్' అనే పాత హిందీ సినిమా గురించి చెప్పినప్పుడు నేను ఏమీ మాట్లాడలేదు. నువ్వు పనిచేస్తున్న సినిమా సెట్లో మీ అందరినీ కూర్చోబెట్టి ఆ సినిమా చూపించారనీ, ధర్మేంద్ర మోకాళ్ళ పైకి ఉన్న గౌను చూసి అందరూ నవ్వారనీ చెప్పావు. అది ఏ దేశమో, ఏ కాలమో ఎవరికీ అర్థం కాలేదన్నావు. నాకు కోపం రాలేదమ్మా. గొంతు పట్టుకున్నట్టయింది, అంతే. ఫోన్‌లో చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

నేను మొదటిసారి హాల్లో చూసిన సినిమా అదే. 1977లో వచ్చింది. నిజామాబాద్‌లో నేను చూసేసరికి మరుసటి ఏడు ఎండాకాలం. నాకు పదకొండేళ్ళు. అంతకుముందు వానాకాలంలోనే మా అమ్మ జ్వరంతో పోయింది. నువ్వు చూడని నానమ్మ. బాపు కొలిమి ముట్టించడం మానేసి చాలా రోజులు ఊరికే కూర్చున్నాడు. నాగళ్ళ కర్రులు కాల్పించుకోవడానికి వచ్చిన రైతులు మా గడపలో నిలబడి, ఏమీ అనలేక వెళ్ళిపోయేవాళ్ళు. తర్వాత పని మొదలుపెట్టాడు కానీ కొలిమికి గాలి ఊదే తిత్తి దగ్గర మనిషి లేదు. అక్కడ కూర్చునేది అమ్మే. బడి నుంచి వచ్చాక నేను కూర్చునేవాణ్ణి.

ఒకరోజు బొగ్గు కోసం పట్నం వెళ్తూ నన్ను వెంట తీసుకుపోయాడు బాపు. పని అయ్యాక ఏమీ చెప్పకుండా హాలు ముందు లైన్‌లో నిలబెట్టాడు.

కథ నీకు తెలుసు. అయినా నేను చూసినట్టు చెప్తాను. చెల్లెలి పెద్దకొడుకు చేతిలో నీకు చావుందని జ్యోతిష్యుడు చెప్పినందుకు సత్పాల్ అనే విలన్ ఆ పసివాణ్ణి కిటికీలోంచి విసిరేస్తాడు. షేరూ అనే డేగ వాణ్ణి గాల్లోనే పట్టుకుంటుంది. హాలంతా ఈలలు! ఆ పిల్లవాడు చేరింది ఎవరి ఇంటికి? కమ్మరి ఇంటికి. హిందీలో లొహార్ అన్నారు. బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ మాట వినగానే ఆయన వేళ్ళు బిగుసుకోవడం ఇప్పటికీ నా చేతికి గుర్తుంది. ఊళ్ళో మమ్మల్ని వాకిట్లోనే నిలబెట్టి పని చెప్పేవాళ్ళు. ఇక్కడ ఇంత పెద్ద తెర మీద, ఇన్ని రాజ్యాల మధ్య, హీరో ధరమ్ కమ్మరి కొడుకు. రాజకుమారి పల్లవి ముందు తల వంచడు. నువ్వు నవ్విన ఆ గౌనులో నాకు మా బజారు మనిషే కనబడ్డాడు.

ఏ దేశమో తెలియదన్నావు కదా. రోమ్‌లో ఉన్నట్టు గోదాలో పోరాటాలు, పక్కనే తలపాగాల రాజులు, బంజారాలు, చివరికి ఓడల మీద యుద్ధం. నిజమే, ఏ చరిత్ర పుస్తకంలోనూ అలాంటి చోటు లేదు. అయితే 'అనగనగా ఒక రాజ్యం' అని మా అమ్మ చెప్పిన కథల్లో కూడా దేశం పేరు ఉండేది కాదు. కాంతారావు కత్తి పట్టిన మన జానపదాల్లోనూ అంతే. ఈ సినిమా తీసిన మన్‌మోహన్ దేశాయ్ అదే ఏడు నాలుగు సినిమాలు తీసి నాలుగూ ఆడించాడు. విడిపోయిన తల్లీబిడ్డల కథ జనానికి ఎందుకు కావాలో ఆయనకు తెలుసు. రఫీ, ముకేశ్ కలిసి పాడిన 'సాత్ అజూబే' పాట వస్తుంటే నాకు హిందీ సగమే అర్థమైంది. ఆ సినిమా వచ్చేనాటికే ముకేశ్ లేడని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతి. ధరమ్‌ను పెంచిన తల్లి చనిపోతుంది. నేరం అతని స్నేహితుడు, రాజకుమారుడు వీర్ మీద పడుతుంది. కంటికి కన్ను అయితే తల్లికి తల్లి అన్నది న్యాయం. వీర్ తల్లి, సత్పాల్ చెల్లెలు అయిన రాణి మీనాక్షి ధరమ్‌కు తల్లిగా వెళ్ళాల్సి వస్తుంది. ఆమే అతణ్ణి కన్నతల్లి అని ఇద్దరికీ తెలియదు, మనకు తెలుసు. హాల్లో ఆడవాళ్ళు ఏడ్చారు. నేను ఏడవలేదు. నాకు ఒకటే అనిపించింది: పెంచిన అమ్మ ఏమైంది? అన్నం పెట్టి, కొలిమి పక్కన పెంచిన మనిషి పోతే, ఆమె చోటులోకి రాణి వచ్చేసరికి అందరూ ఆమెను మర్చిపోయారు. కథ ముందుకు పోయింది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. తల్లికి తల్లి ఎలా సరిపోతుంది అని బాపును అడిగాను, హాల్లోనే. ఆయన జవాబు చెప్పలేదు.

ఆ సినిమాను నేను ఎన్నిసార్లు చూశానో నీకు తెలుసు. ఎంత ఇష్టమో కూడా తెలుసు. అయినా ఈ ఒక్క విషయంలో దానితో నా గొడవ తీరలేదు. కమ్మరి కొడుకు చివరికి రాజుగారి రక్తం అని తేలాల్సిందేనా? కమ్మరి కొడుకుగానే ఉండి అంత ధైర్యం చూపిస్తే కథ చెడిపోతుందా?

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బాపు చాలాసేపటికి ఒక్క మాట అన్నాడు. "ఆ కత్తులు ఎవలు చేసిండ్రో."

నాకు అప్పుడు అర్థం కాలేదు. అందరూ డేగ గురించి, గుర్రాల గురించి మాట్లాడుకుంటుంటే ఈయనకు కత్తుల మీద ధ్యాసేంటి అనుకున్నాను. తర్వాత తెలిసింది. మన జిల్లాలోనే కోనసముద్రం అనే ఊరు ఉంది కదా, ఒకప్పుడు అక్కడి ఉక్కుతో కూడా ప్రపంచమంతా పేరు మోసిన డమాస్కస్ కత్తులు తయారయ్యేవి. ఇనుమును బొగ్గుతో పాటు మట్టి మూసలో పెట్టి, నోరు మూసి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లారనిచ్చేవాళ్ళు. ఆ ఉక్కు ముద్దల కోసం ఇరాన్ వర్తకులు అక్కడికి వచ్చేవారు. ఆ కత్తులు పట్టిన రాజుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. మూస పెట్టిన వాళ్ళలో ఒక్కడి పేరూ బాపుకు తెలియదు, నాకూ తెలియదు. తిత్తి ఊదిన ఆడవాళ్ళ సంగతి సరేసరి.

ఇప్పుడు నువ్వు అదే పనిలో ఉన్నావు బిడ్డా. మీ సినిమాలో రెండు రాజ్యాల యుద్ధానికి మూడు వందల కత్తులు కావాలంటున్నావు. దగ్గరి నుంచి తీసే షాట్లకు ఇనుమువి, గుంపులో వాళ్ళకు ఫైబర్‌వి అన్నావు. ఇనుమువి ఎంత బరువున్నాయో చూడు. పిడి దగ్గర బరువు సరిగ్గా లేకపోతే కత్తి పట్టే అమ్మాయి మణికట్టు రెండో రోజుకే వాచిపోతుంది. అంచులు ఆకురాయితో గుండ్రంగా అరగదీయించు, తొందరలో వదిలేయొద్దు.

దసరాకు వచ్చినప్పుడు బాపు పట్టకారు, చిన్న సుత్తి తీసుకుపో. నూనె రాసి పెట్టాను. ఇనుము పెట్టి కొట్టే దాగలి మాత్రం ఇక్కడే ఉంటుంది, దాన్ని నువ్వు ఎత్తలేవు.

ఇంకొక్కటి. మీకు ఆ కత్తులు చేసి పంపే మనిషి ఎవరో, ఏ ఊరివాడో, ఇంట్లో అతనికి సాయం చేసేదెవరో కనుక్కో. ఈసారి ఫోన్‌లో వాళ్ళ పేర్లు చెప్పు. నేను రాసిపెట్టుకుంటాను.

మీ నాన్న