ఫోన్ ఎత్తకపోతే ఉత్తరమే గతి

నాన్నా,

నీ గొంతు విని మూడు వారాలైంది. నేనేమీ అనుకోవడం లేదులే. టిష్యూ పేపర్ మిల్లులో పని ఎలా ఉంటుందో నాకు తెలియదా, ముప్పై ఏళ్లు చేసినదాన్ని. మీ నాన్నే రోజుకు నాలుగుసార్లు లేచి, ఫోన్ చార్జింగ్‌లో ఉందో లేదో చూసి వస్తున్నారు. ఆయనకు ఈ ఉత్తరం సంగతి చెప్పలేదు.

ఇక్కడ అందరం బాగున్నాం. వదిన పై గది సర్దుతూ నా పాత శాంపిల్ పుస్తకాలు బయటికి తీసింది. "ఇవి పారేయమంటారా అత్తయ్యా?" అంది. ఒళ్లు మండింది గానీ పైకి ఏమీ అనలేదు. పేజీకో టిష్యూ ముక్క అంటించి, కింద పెన్సిల్‌తో రబ్బరు రోల్ గట్టిదనం, స్టీల్ రోల్ దాన్ని నొక్కే చోటు, అదే నిప్, దాని వెడల్పు, స్పీడు రాసుకున్నవి అవి. చిన్నప్పుడు నువ్వు కళ్లు మూసుకుని ఆ ముక్కల మీద వేలు పెట్టి "ఇది చుక్క, ఇది ఆకు" అని చెప్పేవాడివి. ఒక్కటీ తప్పేది కాదు. అన్నయ్యకి ఆ వేలు రాలేదు.

అన్నట్టు, పిన్ని ఫోన్ చేసింది. నీ కొత్త డిజైన్ ట్రయల్ పోయిందట, నువ్వు ఉద్యోగం మానేస్తానంటున్నావట. పిన్ని మాటల సంగతి నీకు తెలుసుగా, అన్నయ్య పెళ్లికి ముందు ఎంత పని చేసిందో! అందుకే నేను పట్టించుకోలేదు.

మాటవరసకి ట్రయల్ పోయిందనే అనుకుందాం. బల్క్ కోసం ఎంబాస్ లోతు, అదే కాగితం మీద నొక్కే డిజైన్ లోతు, పెంచి ఉంటావు. లోతు పెరిగితే మందం వస్తుంది, తక్కువ కాగితంతోనే రోల్ లావుగా నిండుతుంది, పైవాళ్లు సంతోషిస్తారు. కానీ ఆ మందం ఊరికే రాదు. స్టీల్ మొనలు కాగితాన్ని రబ్బరులోకి దిగదొక్కినప్పుడు పీచుల మధ్య పట్టు తెగుతుంది, బలం పోతుంది. ఆరిన కాగితాన్ని డ్రమ్ము మీంచి గీకి తీసే క్రీపింగ్ బ్లేడు దగ్గర వచ్చిన ముడతల సాగుడు కొంతవరకే కాపాడుతుంది. ఆ తర్వాత కాగితాన్ని చుట్టలుగా చుట్టే రీవైండర్ దగ్గర పటుక్కున తెగుతుంది. పొరలు విడిపోతున్నాయని జిగురు పెంచావో, అట్టముక్కలా బిరుసెక్కుతుంది. ఇవన్నీ నీకు చెప్పకూడదనుకున్నాను. సరే, చెప్పేశాను కాబట్టి ఇంకొక్కటి. శాంపిల్ అంచులోంచి తీశావా, మధ్యలోంచి తీశావా? రెండు చివర్లా నొక్కే రోల్స్ మధ్యలో వంగుతాయి. అంచుల్లో డిజైన్ లోతుగా పడి మధ్యలో తేలిపోతుంది. పైగా రబ్బరు వేడెక్కి ఉబ్బాక నిప్ మారిపోతుంది. మెషిన్ ఎక్కించిన మొదటి గంటలో తీసిన ముక్కలతో రిపోర్టు రాయకు.

పుస్తకాలు తిరగేస్తుంటే పెన్‌రోజ్ పలకల బొమ్మ దొరికింది, నువ్వు గోడంతా గీసి పాడుచేసింది. లెక్కల శాస్త్రవేత్త రోజర్ పెన్‌రోజ్ కనిపెట్టిన అమరిక, ఎంత దూరం పరిచినా ఒకే వరసలో తిరిగి రానిది. ఆయన అమరికను అడక్కుండా క్లీనెక్స్ టాయిలెట్ పేపర్ మీద ఎంబాస్ చేశారని 1997లో కేసు వేశారు, తర్వాత కోర్టు బయట సర్దుబాటు చేసుకున్నారు. క్రమం తప్పకుండా తిరిగి తిరిగి వచ్చే డిజైన్ అయితే చుట్టలో పొరలు ఒకదాని గుంటల్లో ఒకటి కూర్చుంటాయి, ఆ పలకలైతే అలా కూర్చోవని లెక్క. 2020లో ఆయనకు నోబెల్ వచ్చినరోజు మీ నాన్న "మీ టాయిలెట్ పేపరాయనకే కదా వచ్చింది" అన్నారు. నవ్వొచ్చింది గానీ కోపం కూడా వచ్చింది. ఇంట్లో ఎవరూ ఈ పనిని పనిగా చూడలేదు, నువ్వు తప్ప.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆకుల డిజైన్ గురించి మీ నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతారు. దానికి ముందు నేను చేసిన డిజైన్ ఇంకొకటి ఉంది. చాప అల్లికలా అడ్డగీతలూ నిలువుగీతలూ. ల్యాబ్‌లో చిన్న ప్లేటుతో నొక్కి చూస్తే ముద్దొచ్చింది. నెలలు ఆగితే స్టీల్ రోల్ చెక్కించి తెచ్చారు. ట్రయల్ రోజు నిమిషానికి నూట యాభై మీటర్ల దగ్గర అంతా బాగుంది. మూడొందలు దాటాక మెషిన్ మూలగడం మొదలుపెట్టింది. ఆపరేటర్ ఒక పెద్దాయన, మాట్లాడేదే తక్కువ. జేబులోంచి నాణెం తీసి ఫ్రేమ్ మీద పెట్టాడు. అది వణికింది. నాలుగొందల దగ్గర గెంతి కిందపడి, దొర్లుకుంటూ మెషిన్ కిందికి పోయింది. "నీ గీతలన్నీ ఒకేసారి అడుగేస్తున్నాయమ్మాయ్" అన్నాడు.

నిజమే. రోల్ పొడవునా ఉన్న అడ్డగీత మొత్తం ఒక్కసారే రబ్బరును తన్నుతోంది. ఆ వెంటనే ఖాళీ, మళ్లీ తన్ను. ల్యాబ్ ప్లేటు ఒక్కసారే నొక్కుతుంది కదా, అందులో ఇది కనపడదు. నాకు ఆ నిమిషమే అర్థమైంది. అయినా ఒప్పుకోలేదు. బేరింగ్ తప్పేమోనని బేరింగులు మార్పించాను. మూడు రోజులు, రెండు షిఫ్టుల మనుషులు, నా అబద్ధం కోసం. రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకు తిరిగాను. నాలుగోరోజు చెప్పేశాను. మా మేనేజర్ అందరి ముందూ అరిచాడు. అరవాల్సిందే. ఆ రోల్‌ని కారిడార్‌లో స్టాండు మీద పెట్టారు. దాని పక్కనుంచే పదకొండేళ్లు క్యాంటీన్‌కి వెళ్లాను.

ఆకుల డిజైన్ గీసేటప్పుడు కాగితం మీద అడ్డంగా స్కేలు పెట్టి, ఒక్కో మిల్లీమీటరూ జరుపుతూ, దాని కిందికి ఎన్ని ఆకులు వస్తున్నాయో లెక్కపెట్టాను. ఎక్కడ పెట్టినా లెక్క ఇంచుమించు ఒకటే రావాలి. అందుకే ఆకులు కాస్త ఏటవాలుగా ఉంటాయి. అందం కోసమని మీ నాన్న చెబుతారు, నేను దిద్దలేదు.

మానేస్తే మానెయ్, నీ ఇష్టం. కానీ ఎక్కడ తేడా వచ్చిందో తెలుసుకోకుండా మానేస్తే నీకు రాత్రిళ్లు నిద్ర పట్టదు. నా కొడుకువి, నాకు తెలుసు. ఇప్పుడు మాత్రం పడుతోందా? వేళకి తింటున్నావా? మెషిన్ దగ్గరికి వెళ్లేటప్పుడు చెవుల్లో ప్లగ్గులు, మూతికి మాస్క్ పెట్టుకో, ఆ దుమ్ముకి నీకు దగ్గు వస్తుంది. చొక్కా చేతులు వదులుగా ఉంచుకోకు. రోల్ తిరుగుతుండగా నిప్ దగ్గర పేరుకున్న దుమ్ము తుడవబోకు, ఎంత తక్కువ స్పీడైనా సరే. మెషిన్ ఆపించు, ఎవరేమన్నా పట్టించుకోకు.

పోయిన ట్రయల్ ముక్కలు రెండు పంపు, అంచుది ఒకటి, మధ్యది ఒకటి. మడవకు, మీద బరువు పెట్టకు, ఎంబాస్ అణిగిపోతుంది. అట్టపెట్టెలో పెట్టు. పుస్తకం చివర ఖాళీ పేజీ ఉంది. నిప్ వెడల్పూ స్పీడూ రాయడం మరిచిపోకు.

అమ్మ

మీ నాన్న ఉత్తరం చూసేశారు. నీ చార్జర్ పాడైందేమో, కొత్తది పంపమంటావా అని రాయమంటున్నారు.