మా అక్కది డెత్ కార్డు కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు వారాల కిందట ఆదివారం అనుబంధంలో ఏ రాశికి ఏ టారో కార్డు (బొమ్మల పేక చూసి జోస్యం చెప్తారే, అది) అని రెండు పేజీలు వేశారు కదా, దాని గురించే ఈ ఉత్తరం. నేను కడపలో ఉంటాను, మా అక్క ప్రొద్దుటూరులో. ఆమెకి అరవై దాటాయి, రెండు కళ్లకీ శుక్లాలు. ముందు కుడికన్నుకి చేయిద్దామని ఆ బుధవారానికి తేదీ తీసుకున్నాం. షుగర్ అదుపులోకి రావడానికే మూడు నెలలు పట్టింది, అందుకని ఆ తేదీ కోసం ఎంత కాచుకున్నామో మాకే తెలుసు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసింది. "నాకు సావు కార్డు పడిందంట గదే, పేపర్లో ఏసినారు. ఈ నెల ఆపరేషను వద్దులే" అని.

నాకు ముందు ఏమీ అర్థం కాలేదు. పేపర్ తీసి చూస్తే పైన వృశ్చిక రాశి, దాని కింద అరచేయంత బొమ్మ. నల్ల కవచం తొడుక్కున్న అస్థిపంజరం తెల్లగుర్రం మీద వస్తా ఉంది, గుర్రం కాళ్ల దగ్గర ఒక రాజు పడిపోయి ఉన్నాడు. కింద లావు అక్షరాల్లో 'మరణం'. ఆ తర్వాత చీమ తలకాయంత అక్షరాల్లో నాలుగు ముక్కలు, ఈ కార్డంటే నిజంగా చావు కాదు, పాతది పోయి కొత్తది రావడం అని. ఆ నాలుగు ముక్కలు చదవగలిగే కళ్లు మా అక్కకి లేవండీ. ఆమెకి కనిపించింది అస్థిపంజరం, ఆ ఒక్క మాట, అంతే.

నేను టారోకి వ్యతిరేకిని కాదు. మా అమ్మాయి బెంగళూరు నుంచి ఒక పెట్టె తెచ్చింది, 78 కార్డులు, ఏడాదిగా సాయంత్రాలు దాంతోనే కూర్చుంటున్నాను, ఆ బొమ్మలంటే నాకు ప్రాణం. అందుకే బాధ ఎక్కువైంది. అసలు ఈ కార్డులు పదిహేనో శతాబ్దంలో ఇటలీలో పుట్టినవి, ఆడుకోవడానికి. జోస్యానికి వాడటం బాగా పెరిగింది పద్దెనిమిదో శతాబ్దం చివర్లో, ఫ్రాన్సులో. మీరు వేసిన జోడింపు, అంటే మేషానికి ఎంపరర్, కర్కాటకానికి చారియట్, కన్యకి హెర్మిట్, వృశ్చికానికి డెత్, ఇది ఇంకా తర్వాతది. 1888లో లండన్‌లో పెట్టుకున్న గోల్డెన్ డాన్ అనే మంత్రతంత్ర విద్యల సంఘం వాళ్లు వాడుకలోకి తెచ్చిన లెక్క. ఆ 78లో పెద్ద కార్డులు అనేవి 22 ఉంటాయి, హీబ్రూ అక్షరాలూ 22, దాన్ని పట్టుకుని 12 కార్డులు రాశులకి, 7 గ్రహాలకి, మిగిలిన 3 గాలికి, నీటికి, నిప్పుకి పంచారు. వరస కుదరకపోతే నంబర్లు కూడా మార్చారు. పాత పేకల్లో ఎక్కువగా జస్టిస్ 8, స్ట్రెంత్ 11. వీళ్లు స్ట్రెంత్‌ని సింహానికి, జస్టిస్‌ని తులకి ఇచ్చారు, రాశుల వరసలో సింహం ముందు, తుల తర్వాత రావాలి కాబట్టి ఆ రెండింటినీ తారుమారు చేశారు. 1909లో వచ్చిన పేకలో, ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ చెప్పగా పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆమె గీసిన బొమ్మల్లో, అట్లాగే స్ట్రెంత్ 8 అయింది. మీరు వేసిన అస్థిపంజరం బొమ్మ కూడా ఆమె గీసిందే.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. వాళ్ల లెక్కలో రాశి అంటే పుట్టినరోజున సూర్యుడున్న రాశి. అదీ వాళ్ల కొలత ప్రకారం. మన పంచాంగానికీ దానికీ ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల తేడా ఉంది, వాళ్ల సూర్యుడు అక్టోబర్ 23 ప్రాంతంలోనే వృశ్చికంలోకి పోతే మనకి నవంబర్ 16 దాకా పోడు. మనం మామూలుగా నా రాశి అనేది చంద్రుణ్ణి బట్టి, జన్మ నక్షత్రాన్ని బట్టి. చంద్రుడు ఒక్కో రాశిలో రెండుంబావు రోజులే ఉంటాడు. విశాఖ నాలుగో పాదం, అనూరాధ, జ్యేష్ఠ, ఇదీ మన వృశ్చికం. జాతకం లేని వాళ్లు పేరులో మొదటి అక్షరం చూసుకుంటారు. ఉగాదికి ఆదాయ వ్యయాలు, రాజపూజ్యం అవమానం చూసుకునేది ఈ రాశికే. పేరు ఒకటే, లెక్కలు రెండు. మీ పేజీలో ఏ లెక్కో ఒక్క ముక్క లేదు, తేదీలు కూడా వేయలేదు.

మా అక్క శ్రావణ మాసంలో పుట్టింది, అనూరాధ నక్షత్రం. ఇంగ్లీషు తేదీ ఆగస్టు రెండో వారం. కాబట్టి ఆ టారో లెక్క ప్రకారం ఆమెది సింహం, ఆమె కార్డు స్ట్రెంత్. తెల్లబట్టలు కట్టుకున్న ఒక ఆడమనిషి సింహం నోటి మీద చేతులేసి, ఏ మాత్రం బెదరకుండా, మెత్తగా పట్టుకుని ఉంటుంది. నేను మంగళవారం బస్సెక్కి పోయి ఆ కార్డు ఆమె చేతిలో పెట్టాను. కొంచెం బాగుండే ఎడమకన్నుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది కుక్కా?" అని అడిగింది. సింహం అని చెప్పాను. ఆ తర్వాత డెత్ కార్డు కూడా చూపించి, వెనకాల రెండు బురుజుల మధ్యలో పొద్దు ఉంది చూడక్కా, గుర్రం ముందర చిన్నబిడ్డ పూలు పట్టుకుని ఉంది చూడు అని వేలు పెట్టి చూపించాను. అప్పటికి బుధవారం తేదీ రద్దు చేసేశారు.

చిన్నప్పుడు రథసప్తమికి దేవుని కడప తేరు చూడ్డానికి పోతే దోవలో చిలక జోస్యం చెప్పే ఆయన ఉండేవాడు. చిలక ఏ బొమ్మ తీసినా ఆయన మన ముఖం చూసేవాడు, భయపడితే రెండు మాటలు ఎక్కువ చెప్పి, నవ్వించి గాని లేవనిచ్చేవాడు కాదు. పేపర్లో కార్డుకి అట్లా పక్కన కూర్చుని చెప్పే మనిషి ఉండడు. అందుకే మీరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని నా బాధ. ఫ్రాన్సులో పాత మార్సేయ్ పేకల్లో 13వ కార్డుకి మామూలుగా నంబరు తప్ప పేరే వేసేవాళ్లు కాదు. మీరేమో ఆ పేరునే హెడ్డింగ్ చేశారు.

ఆ పేజీ ఆపేయమని నేను అడగను, నాలాగా ఇష్టంగా చూసేవాళ్లు చాలామంది ఉంటారు. పై భాగంలోనే ఇది పుట్టినతేదీ ప్రకారం చెప్పే పాశ్చాత్య లెక్క, మీ జన్మ నక్షత్రం రాశి కాదు అని వేయండి. ఒక్కో రాశికి తేదీలు వేయండి. బొమ్మ కొంచెం తగ్గించి అర్థాన్ని పెద్ద అక్షరాల్లో వేయండి, ముఖ్యంగా డెత్, డెవిల్ దగ్గర.

అక్కకి ఇంకో మూడు వారాల తర్వాత మళ్లీ తేదీ ఇచ్చారు. నేను చెప్తే తల ఊపింది గానీ పూర్తిగా నమ్మలేదు, పేపర్లో తప్పు పడుతుందా అంటుంది. వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేస్తే మేలు. లావు అక్షరాల్లో వేయండి, ఎడమకన్నుతో తనే చదువుకుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కడప